మంచుయుగం నుంచి తీసిన మచ్చు

ఆ రోజుల్లో సముద్రం గురించి నాకు తెలియనిది పెద్దగా లేదని నా నమ్మకం. చూడటం ఒక్కటే తక్కువ. నాందేడ్ నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా సముద్రం దాకా పోవాలంటే రైల్లో ఒక నిద్ర తీయాలి. మా ఇంట్లో అంత దూరం పోయిన మనిషి మా పెద్దమ్మ ఒక్కతే. (తీర్థయాత్రకని రామేశ్వరం పోయింది. ఆవిడను కదిలిస్తే సముద్రం సంగతి చెప్పదు, అక్కడ పోయిన స్టీలు డబ్బా సంగతి చెప్తుంది.) అలాంటి ఇంట్లో పుట్టి, ఇరవై మూడేళ్ల వయసులో, ఇరవై వేల ఏళ్ల కిందటి మంచుయుగంలో అరేబియా సముద్రం ఎంత చల్లగా ఉండేదో తేల్చే పనికి నేను కుదురుకున్నాను. ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే, ఇంట్లో బియ్యం ఏరుతున్నానన్నంత తేలిగ్గా చెప్పేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కొంచెం నవ్వు, కొంచెం జాలి.

పని సంగతి చెప్పాలి. సముద్రం పైనీళ్లలో ఫొరామినిఫెరా అని నలుసంత జీవులుంటాయి. నలుసంతే అయినా ప్రతిదీ తనకొక సున్నపు గవ్వ కట్టుకుంటుంది. నీళ్లు వెచ్చగా ఉంటే ఆ గవ్వలోకి మెగ్నీషియం కాస్త ఎక్కువ చేరుతుంది, చల్లగా ఉంటే తక్కువ. జీవి చచ్చాక గవ్వ అడుగుకు పోతుంది, దాని మీద ఇంకోటి, ఆ మీద బురద, అలా వేల ఏళ్లు. ఓడ మీద పోయినవాళ్లు పొడుగాటి గొట్టాన్ని ఆ బురదలోకి దింపి పైకి లాగితే, గొట్టంలో పైన ఉన్నది ఈ కాలపు బురద, కింద ఉన్నది మంచుయుగపు బురద. అందులోంచి గవ్వలు ఏరి, మెగ్నీషియం ఎంతుందో కొలిపిస్తే, అప్పటి నీళ్ల వేడి లెక్కకు వస్తుంది. ఓడ మీద పోయేవాళ్లు వేరే ఉన్నారు. కొలిచే యంత్రం వేరే ఊళ్లో ఉంది. మధ్యలో ఏరే పని మా నాందేడ్‌కు వచ్చింది.

ఆ పని తెచ్చినాయన యూనివర్సిటీలో మా సార్. మరాఠీ ఆయన. మేలో గోడలు కూడా సెగలు కక్కే ఊళ్లో పొద్దస్తమానం మంచుయుగం గురించే మాట్లాడతాడని కుర్రాళ్లు ఆయనకు బర్ఫ్ సార్, అంటే మంచు సార్, అని పేరు పెట్టారు. ఆయన గదిలో ఫ్యాన్ ఉంది గానీ వేయకూడదు. గట్టిగా ఊపిరి వదిలితేనే గవ్వలు లేచిపోతాయి, ఇక ఫ్యాన్ వేస్తే ఇరవై వేల ఏళ్లు కిటికీలోంచి బయటపడతాయి. అందుకని మంచుయుగపు చలిని చెమటలు కక్కుతూ, తుమ్ము వస్తే వరండాలోకి పరుగెత్తుతూ వెతికేవాళ్లం. ఏరేవాళ్లం ఇద్దరం. రెండో ఆవిడ ముద్ఖేడ్ నుంచి రోజూ ప్యాసింజర్ బండిలో వచ్చేది, నాకన్నా పదేళ్లు పెద్ద, అందరికీ ముద్ఖేడ్ తాయి, అంటే ముద్ఖేడ్ అక్క. సార్ పని పంచాడు. పైపొరలు, అంటే ఈ కాలపు బురద, తాయికి. కిందిపొరలు, అంటే మంచుయుగం, నాకు. కష్టమైన పొరలు నాకిచ్చాడని ఆ సాయంత్రం ఇంటికి పోయేదాకా నేల మీద నడిచినట్టు లేదు.

ఇంట్లో సంగతి వేరు. మా బాపుది మోంఢాలో, అంటే ధాన్యం మార్కెట్టులో, కందులు పెసలు సోయాబీన్ అమ్మిపెట్టే దుకాణం. చిన్నప్పటి నుంచి సెలవులన్నీ అక్కడే గడిచాయి కాబట్టి నాకొక విద్య పట్టుబడింది. మచ్చు తీయడం. కొనే వ్యాపారి ముందు ఒక పళ్లెంలో పిడికెడు సరుకు పోసి చూపించాలి గదా, అదే మచ్చు. నేను తీస్తే అందులో పుచ్చు ఉండదు, నొక్కు ఉండదు, ప్రతి గింజా పక్క గింజకు తోబుట్టువులా ఉంటుంది. (మోసమని అనుకోవద్దు. మచ్చు అంటే ఏరిందేనని కొనేవాడికీ తెలుసు. అందుకే వాడు మచ్చును మెచ్చుకుని, ఇనుప గొట్టం తీసి బస్తాలో మూడు చోట్ల పొడిచి చూస్తాడు.) మా అన్న కిన్వట్ పక్కన గోకుందలో మిల్లు చూసుకుంటున్నాడు. నాందేడ్ దుకాణానికి నా కన్ను కావాలని బాపు చాలా కాలంగా అనుకుంటున్నాడు. నేనేమో గవ్వలంటూ తయారయ్యాను.

"ఒక్క యాడాది," అన్నాడు బాపు. "యాడాదిల నలుగురు చెప్పుకునే పని ఏదన్న చేసినవనుకో, నీ ఇష్టం, ఎంత చదువుతవో చదువు. లేకుంటె అచ్చి దుకాణంల కూసో. గంతే."

"అట్లనే," అన్నాను. ఏడాది చాలా పొడుగనుకున్నాను.

మైక్రోస్కోప్ కింద నల్లటి చిన్న పళ్లెం, అందులో కడిగి జల్లించిన గవ్వలు, చేతిలో రెండు మూడు వెంట్రుకలు మాత్రమే మిగిల్చిన కుంచె. కుంచెను తడిపి, ఒక్కో గవ్వనూ అంటించి పైకి తీయాలి. సార్ చెప్పింది చాలా సులువు. ఫలానా జాతిది, ఫలానా జల్లెడలో నిలిచింది, ఒక్కో పొరకు నలభై. నేను నలభై తీశాను. ఎలాంటి నలభై అనుకున్నారు. జల్లెడలో నిలిచిన వాటిలో మళ్లీ పెద్దవి, గాజులా మెరిసేవి, అంచు విరగనివి, గుండ్రం తప్పనివి. కళ తప్పినదాన్ని, అరిగినదాన్ని, బక్కదాన్ని కుంచె కొసతో పక్కకు నెట్టి వేరే సీసాలో పోశాను. ఎవరూ చెప్పలేదు. చెయ్యి దానంతట అదే చేసుకుపోయింది. సార్ వచ్చి నా పళ్లెంలోకి వంగి చూసి, "వా, మోతీ ఆహేత మోతీ," అన్నాడు. ముత్యాలట. తాయి పళ్లెం మీద ఒక చూపు వేసి ముందుకు పోయాడు. అందులో గవ్వలు పెద్దవీ చిన్నవీ, తెల్లవీ మట్టివీ, సంతలో జనంలా ఉన్నాయి. పాపం తాయికి చెయ్యి తిరగలేదని నేను లోలోపల జాలిపడ్డాను.

ఎనిమిది నెలలకు కొలతలు వచ్చాయి. మంచుయుగంలో మన సముద్రం ఇప్పటికన్నా వెచ్చగా ఉందని వచ్చింది. సార్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి చదివాడు. ఉత్తరాన ఖండాల మీద మంచు పేరుకుపోయి ఉన్న రోజుల్లో ఇక్కడ నీళ్లు వెచ్చబడటం ఎవరూ విననిది. మొదట అనుమానపడ్డాడు, తర్వాత గదిలో అటూ ఇటూ తిరిగాడు, సాయంత్రానికి ఆయనకు నమ్మకం కుదిరిపోయింది. "ఇది నిలిస్తే నీకు పీహెచ్‌డీ సీటు నేనిస్తాను, ఎక్కడికీ పోనక్కర్లేదు," అన్నాడు మరాఠీలో. నేను ఇంటికి పోయి చెప్పాను. తెల్లారేసరికి మోంఢా అంతా తెలిసిపోయింది. తరాజు కాడ నిలబడ్డ హమాలీలు కూడా, "క్యా అమ్మా, బర్ఫ్ కే జమానే మే గర్మీ థీ కతే," అని పలకరించారు, మంచుకాలంలో వేడి ఉండేదటగా అని. నలుగురు చెప్పుకోవడమంటే అంతకన్నా ఏముంటుంది.

ఒక్క మనిషికి మాత్రం నచ్చలేదు. పుణేలో ఉండే ఆయన, సార్‌కు చదువుకునే రోజుల స్నేహితుడు, వాతావరణాన్ని కంప్యూటర్‌లో నడిపే మనిషి. ఆయన పని మరో రకం. కంప్యూటర్ లోపల ఒక భూమి ఉంటుంది. దాని మీద మంచు పరిచి, గాలిలో బొగ్గుపులుసు వాయువు తగ్గించి, సముద్రమట్టం దించి, ఇక నడువు అంటాడు. అది రోజుల తరబడి నడిచి, ఎక్కడెక్కడ ఎంత చలి అయిందో చెప్తుంది. ఆయన భూమిలో అరేబియా సముద్రం చల్లబడింది. మా గవ్వల్లో వెచ్చబడింది. ఫోన్లో ఇద్దరూ వాదించుకునేవాళ్లు. సార్ ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్‌లో మాట్లాడే అలవాటు కాబట్టి నాకూ తాయికీ అంతా వినపడేది. "నీ కంప్యూటర్ ఏనాడైనా సముద్రంలో దిగిందా," అనేవాడు సార్. (సార్ కూడా దిగలేదు. నేనసలు చూడనే లేదు.) చివరికి పుణే ఆయనే తగ్గాడు. గవ్వలు అబద్ధమాడవు కదా, తప్పు తన మబ్బుల్లోనే ఉండి ఉంటుందని, కంప్యూటర్‌లో మబ్బులను మార్చి మళ్లీ నడపడం మొదలుపెట్టాడు.

అంతా బాగున్న ఆ రోజుల్లోనే బాపు ప్రయోగశాలకు వచ్చాడు. బిడ్డ చేసిన పని కళ్లారా చూసి, ఏడాది షరతు ఎత్తేద్దామని. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సార్‌కు ఒక డబ్బా నిండా పేడాలు తెచ్చాడు. సార్ మర్యాదగా కుర్చీ వేసి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టాడు. బాపు ఒక కన్ను మూసి, కొలతకు ఇంకా పంపని నా పళ్లెం చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తాయి పళ్లెం చూపించమన్నాడు. అదీ చూశాడు. సార్ వైపు తిరిగి, "బేటీ కా హాథ్ బహుత్ అచ్ఛా హై సాబ్," అన్నాడు, చెయ్యి మంచిదని. సార్ నవ్వి, టీ చెప్పడానికి బయటికి పోయాడు. అప్పుడు బాపు గొంతు తగ్గించి, మా ఇంటి తెలుగులో అడిగాడు.

"మచ్చు మస్తు తీసినవ్ బిడ్డా. సరుకు ఏది?"

"ఏం సరుకు?"

"బస్తా. గియన్ని ఏరి తీసినయే గదా. తీసెయ్యంగ మిగిలినయి ఏడున్నయి?"

నేను సీసా చూపించాను. బాపు దాన్ని వెలుతురుకు ఎత్తి, తిప్పి చూశాడు. అందులో గవ్వలు నా పళ్లెంలో ఉన్నవాటికి ఎన్నో రెట్లున్నాయి. "ఆ అక్క పళ్లెం సరుకు. నీది మచ్చు," అన్నాడు, మెచ్చుకుంటున్నట్టే. "రెండు పక్కపక్కన పెడితె నీదే గెలుస్తది. అది మన చెయ్యి." టీ వచ్చింది. బాపు టీ తాగి, సంతోషంగా ఇంటికి పోయాడు. నాకు మాత్రం ఆ గదిలో మొదటిసారి చలి వేసింది.

ఎందుకంటే అది నేను పుస్తకంలో చదివిందే. పెద్దగా, మెరుస్తూ, చెక్కుచెదరకుండా ఉన్న గవ్వల్లో మెగ్నీషియం కాస్త ఎక్కువుంటుంది. అరిగినవాటిలోంచి అది ముందే కరిగిపోతుంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. తాయి ఈ కాలపు గవ్వలను వచ్చినవి వచ్చినట్టు తీసింది. నేను మంచుయుగపు గవ్వల్లో అందగత్తెలను మాత్రమే తీశాను. ఇక మంచుయుగం వెచ్చగా రాక ఏమవుతుంది. సముద్రం వెచ్చబడలేదు, మా దుకాణం పోయి సముద్రంలో కూర్చుంది.

వెంటనే పోయి చెప్పానని రాయాలని ఉంది. చెప్పలేదు. పదకొండు రోజులు ఊరుకున్నాను. చెప్తే సీటు పోతుంది, నలుగురు చెప్పుకునే పని పోతుంది, మోంఢాలో గద్దె మీద నా కోసం కొత్త దిండు వేయించి ఉంచారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. బాపుకు తెలిసింది గానీ తెలిసిన సంగతి ఆయనకే తెలియదు. ఆ పదకొండు రోజుల్లో నేను కనిపెట్టిన సాకులు ఏ పరిశోధనకూ తీసిపోవు. బహుశా తేడా చిన్నదే అయి ఉంటుంది. బహుశా నిజంగానే వెచ్చగా ఉందేమో. బహుశా తాయి మరీ చెత్తగా తీసిందేమో. ఈ మూడోది అనుకున్న రోజు తాయి తన డబ్బాలోంచి నాకు సగం జొన్నరొట్టె, మెంతికూర పెట్టింది.

పన్నెండో రోజు పుణే నుంచి ఫోన్ వచ్చింది. ఆ మనిషి గొంతు పూర్తిగా అలసిపోయి ఉంది. మబ్బులు మందం చేశాడట, పలచన చేశాడట, ఎత్తు మార్చాడట. ఒక చోట సముద్రం వెచ్చబడితే ఇంకో చోట వానలు ఆగిపోతున్నాయట. "ఇన్నేళ్ల పని. నాకు మబ్బుల గురించి ఏమీ తెలియదని ఇప్పుడు తెలుస్తోంది," అన్నాడు మరాఠీలో, నిజంగా బాధపడుతూ. సార్ ఏదో ఓదార్పు చెప్పి పెట్టేశాడు. నేను కుంచె కింద పెట్టాను. అటువైపు ఒక పెద్దమనిషి తన చదువంతా తప్పని నమ్మబోతున్నాడు, నా చెయ్యి మంచిదైనందుకు. ఇక కూర్చోవడం నా వల్ల కాలేదు.

సార్ డబ్బా విప్పి అన్నం తింటున్నాడు. నా పళ్లెం, పక్కకు నెట్టినవాటి సీసా ఆయన ముందు పెట్టి, వచ్చిన మరాఠీలో, రానిచోట హిందీలో, మొత్తం చెప్పేశాను. మచ్చు అంటే ఏమిటో చెప్పడానికి ఆయన డబ్బాలోని వేరుశనగ పొడిలోంచి రెండు పలుకులు ఏరి కూడా చూపించాను. సార్ తినడం ఆపాడు.

"సగళే?" అన్నాడు. అన్నీనా అని.

"సగళే, సర్."

ఆయన డబ్బా మూత పెట్టేసి, చేతులు కడుక్కుని వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే తేలికపడేదాన్ని. పుణేకు ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్పాడు. అటునుంచి ఆయన మెల్లగా, "అయితే నా మబ్బులు మళ్లీ ఎక్కడివక్కడ పెట్టేసుకోవచ్చా," అని అడిగాడు. సార్ పెట్టుకోమన్నాడు.

అవే పొరల్లోంచి ముట్టని బురద తెప్పించి మళ్లీ ఏరాం. ఈసారి పళ్లేనికి గళ్లు గీసి, ఒక మూల నుంచి మొదలుపెట్టి, ఆ జాతిది ఏది తగిలితే అది. నావి సగం తాయి తీసింది, తనవి సగం నేను. నా చెయ్యి ఒక గవ్వ దగ్గర ఆగి వెనకాడితే చాలు, తాయి తల ఎత్తకుండానే, "ముల్గీ పాహాయలా ఆలీస్ కా," అనేది. పిల్లను చూడటానికి వచ్చావా అని. విరిగిన అంచు ఉన్నదాన్ని పళ్లెంలోకి ఎత్తిన ప్రతిసారీ నాకు ఒళ్లు జిలపెట్టేది. రెండు నెలలు పట్టింది. కొలతలు వచ్చాయి. మంచుయుగంలో మన సముద్రం ఇప్పటికన్నా చల్లగా ఉంది, పుణే కంప్యూటర్ చెప్పినదానికి దగ్గరగానే, మిగతా సముద్రాల్లాగే. చెప్పుకోవడానికి ఏమీ లేదు. సార్ ఆ కాగితం ఒక్కసారే చదివాడు. "బరోబర్ ఆహే," అన్నాడు, సరిగ్గా ఉందని. సీటు మాట ఆయన వెంటనే ఎత్తలేదు గానీ, నేను ఇంటికి పోయేటప్పుడు, "ఇంట్లో ఒప్పుకుంటే చేరు. ఇప్పుడు నీ పళ్లెం నేను చూడక్కర్లేదు," అన్నాడు.

ఇంట్లో ఒప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఏడాది నిండింది. మధ్యాహ్నం వేలం అయిపోయాక దుకాణానికి పోయాను. బాపు గద్దె మీద గోడకు చేరగిలబడి, ముందు పళ్లెంలో ఎవరో తెచ్చిన కందులను వేళ్లతో కెలుకుతున్నాడు. నేను ఎదురుగా బస్తా మీద కూర్చుని మొదటి నుంచి చెప్పాను. ఆయన మాటే నాకు తప్పు చూపించిందని కూడా చెప్పాను. వేళ్లు కెలకడం ఆగిపోయింది.

"నువ్వు చెప్పకుంటె ఆ సార్‌కు ఎట్ల తెలుస్తుండె?"

"తెల్వకపోతుండె."

"ఇంకెవలకన్న?"

"ఎవలకు తెల్వకపోతుండె, బాపు."

"తెల్సి చెప్పినవ్."

"ఆఁ."

"మచ్చు ఏరిందని, కొనెటోని ముందల, నీ నోటితోని నువ్వే."

నేను తల దించుకున్నాను. బాపు పళ్లెంలోని కందులను మళ్లీ సంచిలో పోసి, మూతి కట్టాడు. ఆయన మొహంలో కోపం ఉందా అని చూశాను. కోపం లేదు. ఎన్నాళ్ల నుంచో కావాలనుకున్న ఒక మనిషి దుకాణానికి పనికిరాదని తేలినప్పుడు ఉండే విచారం ఉంది. దాని పక్కనే ఇంకేదో ఉంది, అది ఆయన నాకు పూర్తిగా చూపించలేదు.

"అయితె గీ గద్దె మీద కూసునుడు నీతోని కాదు బిడ్డా," అన్నాడు. "నువ్వు కూసుంటె యాడాదికి దుకాణం బంద్. పో, ఆ సార్ కాడనే చదువుకో."

చదువుకున్నాను. ఇప్పుడు నేనే పిల్లలకు గవ్వలు ఏరడం నేర్పిస్తున్నాను. మా సముద్రం చలి లెక్క ఏదో పత్రికలో, అలాంటివే ఇంకెన్నో లెక్కల మధ్య అచ్చయింది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా పళ్లెంలో ముత్యాల్లాంటివే తీసుకొచ్చి మురిసిపోతూ నా ముందు పెడితే, ఇదేమిటని అడగడానికి నోరు తెరుస్తాను. కానీ ముందు ఒక నిమిషం ఆ గవ్వలను చూస్తూ ఊరుకుంటాను. చాలా బాగుంటాయి. ఇరవై మూడేళ్ల నేను, ఎనిమిది నెలల పాటు, ఒక మంచుయుగాన్ని మెరిసేవాటితోనే నింపి, అది నిజమని ఊరంతా నమ్మేలా చేశాను. అప్పటి ఆ పిల్ల మీద నాకు కోపం రాదు. ఆ పిల్లంటే నాకు ఇష్టం కూడా.